రాజుకు ఏ కన్ను?

‘రెండు కట్టలు’ నవల: పదకొండో భాగం

పోయిన వారం మా నాయన ఉలి విసిరికొట్టిన దగ్గర ఆగాం కదా. ఆ ఉలి నేరుగా పోయి ఎర్రరంగు డబ్బాకు తగిలింది. డబ్బా బోర్లాపడి రంగంతా నేలపాలైంది. మరి తుడవాల్సింది ఎవరు? నేనే. ఈ ఇంట్లో మగవాళ్లకు కోపం వస్తుంది, ఆడవాళ్ల చేతికి గుడ్డపేలిక వస్తుంది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్లకు నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, మిగిలినవాళ్లు కొంచెం ఓపిక పట్టండి. నా పేరు నందిని. మాది తోలుబొమ్మలాట ఇల్లు. మా నాయన సుంకప్ప బొమ్మలాడిస్తాడు, నేను పాడతాను, మా ఆయన ఓబులేష్ హార్మోనియం వాయిస్తాడు, వాయించనప్పుడు నిద్రపోతాడు. ఆటకు పిలిచేవాళ్లు తగ్గిపోయాక మేకతోలుతో దీపాల బుట్టలు చేసి అమ్ముకుంటున్నాం. రేపు సాయంత్రం లేపాక్షిలో ఒక ఆట ఉంది. అది జరక్కపోతే ఇక పెట్టె మూసేస్తాననీ, చిత్రావతికి నీళ్లు వచ్చిన రోజున బొమ్మలన్నీ ఏట్లో కలిపేస్తాననీ నాయన ఒట్టు పెట్టుకున్నాడు. పాతబడిన బొమ్మలను పారే నీళ్లకు ఇవ్వడం మా ఆచారం. చిత్రావతి పారేది ఎప్పుడో ఒకసారి కాబట్టి మా అటక మీద ముసలి బొమ్మలు ఏళ్ల తరబడి ఎదురుచూస్తూనే ఉన్నాయి. వాటి పక్కన మిగిలినవి కూడా చేరడం నాకు ఇష్టం లేదు. దాపరికం ఎందుకు, నాయన తర్వాత ఆ పెట్టె నాకు కావాలి.

రేపటి ఆట జార్జియా రాజు కథ. అమెరికాలో ఉండే జార్జియా కాదు. ఈ మాట ఊళ్లో అందరికీ చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. రష్యాకూ టర్కీకీ ఇరానుకూ నడుమ కొండల్లో ఉండే చిన్న దేశం అది. అక్కడి నుంచి ఎలెనే అనే ఆవిడ బొమ్మల పని నేర్చుకోవడానికి వచ్చి, ఎండాకాలమంతా మా కొట్టంలో కూర్చుని తోలు గీకుతూ ఈ కథ చెప్పింది. నేను దాన్ని ఆటగా కట్టాను. రాజు బొమ్మ కూడా నేనే కోశాను. అంతా అయింది, కన్ను తప్ప. కన్ను చివరన పెట్టాలి, అదీ ఇంటి పెద్దే పెట్టాలి. కన్ను పడితేనే బొమ్మకు ప్రాణం. కన్ను లేని బొమ్మ తెర మీదికి పోకూడదు.

చిక్కంతా అక్కడే వచ్చింది. మా పెట్టెలో రెండు కట్టలుంటాయి. దేవుళ్లదొకటి, రాక్షసులదొకటి. వాళ్లనూ వీళ్లనూ కలిపి కడితే పెట్టెలో కొట్టుకు చస్తారని మా వాళ్ల నమ్మకం. దేవుళ్ల కట్టలో పడుకునేవాళ్లకు పొడుగాటి కోలకన్ను, రాక్షసుల కట్టలోవాళ్లకు గుండ్రటి గుండుకన్ను. బొమ్మ ఏ కట్టదో ఇంటి పెద్ద ముందే పైకి చెప్పి, ఆ తర్వాతే ఉలి పట్టాలి. ఈ రాజు ఏ కట్టవాడో నాయనకు తేలలేదు. పొద్దున్నుంచీ కూర్చుని, కూర్చుని, చివరికి "తల్లిని ఇచ్చి గద్దె నిలుపుకోవాలనుకున్నోనికి నేను కన్ను పెట్టను" అని ఉలి విసిరికొట్టాడు. సరిగ్గా ఆ మాటకే గడపలో మా అవ్వ కదిరమ్మ నిలబడి ఉంది.

అవ్వ అంటే నాయనను కన్నతల్లి. ముదిగుబ్బలో మా చిన్నాయన లింగప్ప దగ్గర ఉండేది. చిన్నాయన పోయాక కూడా ఆయన కొడుకు తిప్పేష్ దగ్గరే ఉండిపోయింది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఆమె మా గడప తొక్కలేదు. నా పెళ్లికి పిలిస్తే కూడా రాలేదు. చిన్నకొడుకంటే ప్రాణమనీ, అక్కడే ఉంటానని పట్టుబట్టి పోయిందనీ మా అమ్మ బతికున్నప్పుడు చెప్పేది. నేను నమ్మాను.

"తిప్పేష్ ఆటోలో దింపిపోయినాడు" అంది అవ్వ, ఎవరూ అడక్కముందే. "లేపాక్షిలో ఆటంట గదా, ఫోన్లో సూపించినాడు. నోట్లోకంతా దుమ్మే. ఏమే నందినీ, నీళ్లియ్యవా?"

ఇచ్చాను. సగం తాగి సగం ముఖాన చల్లుకుంది. నాయన లేచి నిలబడ్డాడు గానీ అడుగు ముందుకు పడలేదు. రంగేమీ అంటకపోయినా చేతులు పంచెకు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"కూర్చోమ్మా" అన్నాడు.

"కూర్చునేకే వచ్చినా లేరా."

చాప మీద కూర్చుని, మొద్దు మీద పరిచిన రాజు బొమ్మను రెండు చేతులా ఎత్తింది. వాకిలి వెలుగుకు ఎదురుగా పట్టింది.  ఒకప్పుడు ఈ దిక్కున ఆట అంటే కదిరమ్మ గొంతు కోసమే జనం వచ్చేవాళ్లట. ఆమె చేతిలో నేను కోసిన బొమ్మ ఉంది.

"ఎవురు కోసినారు?"

"నేనే అవ్వా."

"మీసం బాగా కోసినావు. నడుము కాడ చిల్లులు ఎక్కువైనాయి, గాలికి చిరుగుతాది సూడు. ఇదేమి కిరీటం, మన రాజులది మాదిరి లేదే?"

"వాళ్ల దేశం టోపీ అవ్వా. గొర్రెబొచ్చుది."

"గొర్రెబొచ్చుదా! అట్లయితే మన దిక్కు మనిషే." నవ్వి, బొమ్మ ముఖం మీద కన్ను ఉండాల్సిన చోట బొటనవేలు పెట్టింది. అక్కడ ఉత్త తోలు. "వీని కథేంది, చెప్పు. మీ నాయన ఉలి యాల ఇసిరినాడో తెల్సుకోవాల."

చెప్పాను. నాలుగు వందల ఏళ్ల కిందటి మాట. రాజు పేరు తైమురాజ్, రాజ్యం పేరు కాఖేతి. పసితనంలో ఇరాను చక్రవర్తి షా దగ్గర పెరిగాడు. ఆ షా పుణ్యమా అని పట్టానికి వచ్చాడు, ఆ షాయే మళ్లీ వీణ్ని తరిమేశాడు. మళ్లీ వచ్చాడు, మళ్లీ పోయాడు. ఒకసారి టర్కీ సుల్తాను సాయం అడిగాడు, ఒకసారి రష్యాకు కబురు పంపాడు, షా చనిపోతే ఆయన మనవడికి దండం పెట్టి గద్దె తిరిగి తెచ్చుకున్నాడు. అదీ నిలవలేదు. చివరికి ముసలితనంలో ఇరానులోనే బందీగా ప్రాణం వదిలాడు. ఎలెనే ఈ కథ చెబుతున్నప్పుడు నేను తోలు గీకడం మరిచిపోయేదాన్ని. ఒక మనిషి అన్నిసార్లు పడి, ఏ బలంతో అన్నిసార్లు లేచాడా అని ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

"మన సర్పంచి సీటే నయం" అన్నాడు ఓబులేష్ మూలనుంచి. "అది ఐదేండ్లన్నా ఉంటాది."

"నువ్వు మూసుకో" అన్నాను.

"తల్లి సంగతి చెప్పు" అంది అవ్వ.

నాయన వాకిలి వైపు తిరిగాడు.

"షాకు వీని మీద నమ్మకం లేదవ్వా. జామీనుగా ఇంటి మనుషుల్ని పంపమన్నాడు. వీడు తన కొడుకుల్నీ, కన్నతల్లినీ పంపినాడు. ఆమె పేరు కేతెవాన్. పంపినా గద్దె నిలవలేదు. కొడుకులకు షా బీజాలు కొట్టించినాడు, వాళ్లు సచ్చిపోయినారు. తల్లిని ఏండ్లకేండ్లు అట్లే పెట్టుకోని, మతం మారమని అడిగినారు. ఆమె మారను అనింది. ఎర్రగా కాల్చిన పటకార్లతో సంపినారంట."

అవ్వ బొమ్మను ఒళ్లో పెట్టుకుంది.

"ఆడుండే పాదిరీలు ఆమె ఎముకల్ని తీసి దాచినారంట. అందులో కొన్ని ఓడలో మన గోవాకు తెచ్చి చర్చిలో పూడ్చినారు. చెయ్యి ఎముక ఈమధ్యన దొరికింది. పరీక్షలు చేసి, ఆమెదే అని తేల్చి, వాళ్ల దేశానికి పంపినారు. ఎయిర్‌పోర్టు కాన్నుంచి జనమంట అవ్వా, రాణి ఇంటికొచ్చిందని ఏడ్సినారంట."

"ఏందీ! మన గోవాకా?"

"ఊఁ."

అవ్వ తన కుడిచెయ్యిని ఎడంచేత్తో పట్టుకుని, మోచేతి నుంచి మణికట్టు దాకా మెల్లగా తడుముకుంది. ముడతలు పడి, నరాలు తేలిన చెయ్యి.  అంత దూరంలోని ఒక తల్లి చెయ్యి నాలుగు వందల ఏళ్లు మన మట్టిలో ఉండి ఇంటికి పోయిందంటే ఎవరు నమ్ముతారు?

"వాడు తర్వాత ఏడ్సినాడా, ఆ కొడుకు?"

"తల్లి సావు మీద పద్యాలు రాసినాడవ్వా. వాళ్ల దేశంలో ఇప్పటికీ సదువుతారంట."

"పద్యాలు సరే." అంది అవ్వ. "పంపేముందర అడిగినాడా? పోతావామ్మా అని?"

 ఎలెనే ఆ సంగతి చెప్పలేదు, నేను అడగలేదు. కానీ ఆట రాసేటప్పుడు అడగకుండా ఎలా పంపుతాడని నాకే తోచి, ఒక ఘట్టం పెట్టాను. రాజు తల్లి ముందు మోకరిల్లి "షా దగ్గరికి పోతావా అమ్మా?" అంటాడు. ఆమె "పోతాను నాయనా, నీ గద్దె సల్లగా ఉండనీ" అంటుంది. ఆ మాట దగ్గర నా పాట ఉంటుంది. ఆటంతటికీ అదే గుండెకాయ అనుకున్నాను.

"అడిగినట్టు రాసినానవ్వా నేను" అని చెప్పాను.

"మంచి పని చేసినావు. మీ నాయన ఆ ముక్క చెప్పి సూసినాడా?"

"ఆ ముక్క నాతో కాదు" అన్నాడు నాయన, ఇటు తిరక్కుండానే.

"యాల కాదు?"

 బయట గాలి లేచింది. కాయ పట్టక ఎండిపోయిన వేరుశెనగ చేలలోని ఎర్రమట్టి సన్నగా కొట్టంలోకి వచ్చింది. నేను తలుపు దగ్గరికి వేశాను. నాయన భుజాలు వణుకుతున్నాయని అప్పుడు చూశాను. మా నాయన! తెర వెనక ఒక్కడే నిలబడి యుద్ధాలు నడిపించే మనిషి.

"నందినీ, నీకు ఎవురూ చెప్పిండరు. నేను చెప్తా విను" అంది అవ్వ. "మీ తాత పోయినాంక పెట్టె ఒగటే, కొడుకులు ఇద్దరు. ఇద్దరికీ పెద్దరికం కావాల. పంచాయితీ పెట్టినారు. బొమ్మల్ని పంచేకి లేదు. దేవుళ్లు ఒకనికి, రాక్షసులు ఒకనికి ఇస్తే ఇద్దరూ ఏమాడ్తారు? అప్పుడు లింగప్ప అన్నాడు, పెట్టె అన్ననే తీసుకోనీ, అమ్మను నాకిచ్చేయండి, అమ్మ గొంతు ఉంటే నేను కొత్త బొమ్మలు కోసుకుంటా అని. మీ నాయన సరే అన్నాడు. నేను ఆడనే, గోడ పక్కన రాగులు ఇసురుతాండా. ఒకడన్నా నా దిక్కు తిరిగి సూడలే. బొమ్మల పెట్టె ఈ దిక్కు, నేను ఆ దిక్కు."

 మూలన ఓబులేష్ లేచి కూర్చున్నాడు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీద అంటే చెప్పలేను. నాయన తర్వాత నాకు దక్కాలని నేను ఇన్నాళ్లూ కాచుకున్న పెట్టె, అవ్వను ఇచ్చి తెచ్చుకున్న పెట్టె. చిన్నకొడుకు మీద ప్రేమతో పోయిందని చెప్పిన మా అమ్మకు కూడా ఈ సంగతి తెలుసు. తెలిసే దాచింది.

నాయన వచ్చి అవ్వ ముందు కూలబడ్డాడు.

"నాకు ఆ పొద్దు పెట్టె తప్ప ఏమీ కనపడలేదమ్మా" అన్నాడు. "నువ్వు అంత సులువుగా పోతావనుకోలే. బండెక్కేటప్పుడన్నా తిడతావనుకున్నా. తిట్టింటే ఆపిండేవాన్ని."

"అడగనోన్ని ఏమని తిట్టాల రా?"

"అందుకే వీనికి కన్ను పెట్టలేను. కోలకన్ను పెడితే పెట్టెలోని దేవుళ్లకు నేను ముఖం సూపించలేను. గుండుకన్ను పెడితే నన్ను నేను రాక్షసుల కట్టలో కట్టేసుకున్నట్టే. ఇదీ సంగతి. ఆట వద్దు, ఏమీ వద్దు. పెట్టె ఏటికిచ్చేస్తా."

ఏడుస్తున్నాడు. ఆయన ఏడుపు నేను మొదటిసారి విన్నాను. నా ఆట, నా పెట్టె, లేపాక్షి, అన్నీ కళ్ల ముందే పోతున్నాయి, అయినా ఆ క్షణంలో నాయనను ఏమీ అనబుద్ధి కాలేదు.

అవ్వ మాత్రం చుట్టూ చూసి, పొయ్యి దగ్గర నుంచి బొగ్గు ముక్క తీసుకుంది.

"మన పెట్టెలో దేవుళ్లుండారు" అంది. "రాక్షసులుండారు. నవ్విచ్చేటోళ్లుండారు. మీ తాత కాలం నుంచీ సూస్తాండా, తప్పు చేసి దాన్ని మోసుకుంటా తిరిగే మనిషి మాత్రం ఒగడూ లేడు. వీడు ఏ కట్టోడూ కాదు రా సుంకా. మనిషి."

బొమ్మ ముఖం మీద బొగ్గుతో గీసింది. కోల కాదు, గుండ్రం కాదు. పై రెప్ప సగం వాలి ఉంది. చూపు ఎదుటికి కాకుండా కిందికి ఉంది. చిన్న గీత, అంతే. మా ఇంట్లో అలాంటి కన్ను ఎవరూ ఎప్పుడూ కొయ్యలేదు. 

"మరి యాడ పడుకోవాల వీడు? ఏ కట్టలో?" అన్నాడు నాయన చిన్నపిల్లాడిలా.

"మూడో కట్ట కట్టు. పెట్టెలో సోటు లేదా? ఉలి తీసుకో. నేను పట్టుకుంటా, నువ్వు కొట్టు."

ఎర్రరంగు అంటిన ఉలిని నేనే తుడిచి ఇచ్చాను. అవ్వ తోలును మొద్దు మీద రెండు చేతులా బిగబట్టింది. నాయన ఉలిని గీత మీద ఆనించి, సుత్తి ఎత్తి, ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. చెయ్యి అదిరితే తోలు చీలుతుంది, రెండో తోలు సిద్ధంగా లేదు. అవ్వ వేళ్లు ఉలికి ఆనుకునే ఉన్నాయి. "కొట్టురా" అంది.

కొట్టాడు. మెల్లగా, ఒక్కొక్క దెబ్బా చూసుకుంటూ కొట్టాడు. చివరి తోలుముక్క ఊడి అవ్వ ఒళ్లో పడింది. ఆమె దాన్ని తీసి కొంగున కట్టుకుంది.

"బల్బు వెయ్యి" అంది నాతో.

కిటికీకి గోనెపట్టా కట్టి, తెర దించి, వెనక బల్బు వేశాను. నాయన వెదురుబద్ద పట్టుకుని రాజును తెరకు ఆనించాడు. నేనూ ఓబులేష్ ఇవతలికి వచ్చి నిలబడ్డాం.

ఏమని చెప్పను? నేను కోసిన బొమ్మే. ఆ పచ్చా ఎరుపూ నేను పూసినవే, ఆ మీసం నేను గీసిందే. అయినా తెర మీదికి వచ్చినవాణ్ని నేను ఎరగను. తల కొంచెం వంచి, ఎవరినో చూడలేక కిందికి చూస్తూ ఒక రాజు నిలబడ్డాడు. కంటిలోంచి సన్నటి వెలుతురు వచ్చి తెర మీద నీటిచుక్కలా నిలిచింది. నాయన ఊపిరికి బొమ్మ ఇంతే కదిలింది. ఓబులేష్ రెండు చేతులూ జోడించాడు. జోడించినట్టు తనకే తెలియదని తర్వాత చెప్పాడు. నేను కూడా అలాగే నిలబడి ఉన్నాను. రాజ్యం పోయినవాడి ముందు జనం ఎందుకు లేచి నిలబడతారో నాకు అప్పుడు అర్థమైంది.

రేపు ఆట ఉంది! నాకు సంతోషంతో కాళ్లు ఆగలేదు.

"తల్లి బొమ్మ యాడుంది?" అంది అవ్వ తెర వెనక నుంచి.

పరుగున పోయి తెచ్చి ఇచ్చాను. కేతెవాన్ రాణికి నాయన ఎప్పుడో, ఆలోచించకుండానే కోలకన్ను పెట్టేశాడు. ఆమె మాటలూ పాటలూ నావే. "నేను పాడతాను లే అవ్వా" అన్నాను.

"నువ్వు రేపు పాడు. ఈ పొద్దు నాకియ్యి."

ఇచ్చి, ఆమె అనాల్సిన మాట చెవిలో చెప్పాను. "పోతాను నాయనా, నీ గద్దె సల్లగా ఉండనీ. అంతే అవ్వా. అక్షరం మారకూడదు. ఎలెనే వాళ్ల దేశం నుంచి పెద్దమనుషుల్ని పిలుచుకొస్తాంది. వాళ్లకు ఈ రాణి దేవత. ఆమె పోబట్టే దేవతయింది." అవ్వ తల ఊపింది.

నేను మళ్లీ ఇవతలికి వచ్చాను. తెర మీద రాణి నీడ లేచింది. అవ్వే ఆడిస్తోంది. ఆ వయసులో బద్ద పట్టిన తీరు చూసి ఓబులేష్ హార్మోనియం ముందు కూర్చుని కూడా మెట్ల మీద వేలు పెట్టలేదు. రాణి వచ్చి రాజు ఎదుట ఆగింది. నిటారుగా, తొందరేమీ లేకుండా నిలబడింది.

"అడుగు" అంది అవ్వ.

రాజు కదలలేదు.

"ఆ పొద్దు అడగలేదు గదా. ఇప్పుడు అడుగు రా."

వెనక నాయన గొంతు సవరించుకోవడం వినపడింది. రాజు మెల్లగా మోకరిల్లాడు. వాలిన కన్ను రాణి పాదాల మీద ఉంది. నేను రాసిన మాటల్లో సగం మింగేశాడు నాయన. రాజ్యం మాట లేదు, గద్దె మాట లేదు.

"అమ్మా, షా దగ్గరికి పోతావా?"

ఈ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు, ఎలెనేకు తెలుసు, వాళ్ల దేశంలో బడికి పోయే పిల్లలకు కూడా తెలుసు. తెర వెనక అవ్వ గాఢంగా ఊపిరి పీల్చుకుంది. ఒకప్పుడు ఊళ్లకు ఊళ్లను కూర్చోబెట్టిన ఆ గొంతును ఇన్నేళ్లకు నేను మొదటిసారి తెర మీంచి విన్నాను.

"పోను."